ఆ వేరు పేరేమిటి?

మా అత్తగారి ఊరు గద్వాలకు దగ్గరే. ఆ ఇంట్లో, వంటగది గూట్లో ఒక పాత డాల్డా డబ్బా ఉండేది. మూత తీయగానే ఘాటు గుప్పున ముక్కుకు కొట్టేది. లోపల వసకొమ్ము, కరక్కాయ, జాజికాయ, మాచికాయ, శొంఠి, గుడ్డపేలికలో కట్టిన ఇంగువ. వీటి అడుగున చిటికెన వేలంత లావున, నల్లగా ఎండిపోయిన వేరుముక్క ఒకటి. నాలుకకు ఆనితే చాలు, చేదు చెవుల దాకా పాకేది. ఎవరో బంధువులు నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు పోయి వస్తూ తెచ్చి ఇచ్చారట. "కడుపునొప్పికి మంచిది" అన్న మాట దాని వెంట వచ్చింది. పేరు మాత్రం రాలేదు.

మా పెద్దవాడికి అప్పుడు రెండో నెల. పొద్దంతా బాగానే ఉండేవాడు. సాయంత్రం ఏడు కొట్టిందంటే మొదలు: పిడికిళ్లు బిగించి, మోకాళ్లు పొట్టకు లాక్కొని, మొహం ఎర్రగా చేసుకొని ఒకటే ఏడుపు. ఒకనాటి రాత్రి అత్తమ్మ చూడలేక డబ్బా దించింది. సానరాయి కడిగి, వసకొమ్మును ఆముదంలో ముంచి దీపం మీద కాల్చి, చనుబాలు రెండు చుక్కలు వేసి అరగదీసింది. లెక్కకు మూడు చుట్లు. ఏడుపు చెవిన పడుతుంటే ఆమె చేయి మూడు దగ్గర ఆగలేదు. ఆ నల్ల వేరును కూడా నాలుగు చుట్లు తిప్పి, అంతా ఉగ్గుగిన్నెలోకి తీసి పోసింది. పిల్లాడు రాత్రంతా కక్కుతూనే ఉన్నాడు. తెల్లవారుజామున పాలు పట్టలేదు, పిలిస్తే కళ్లు తెరవలేదు. దవాఖానలో డాక్టరమ్మ అడిగింది: "ఏం పోశారు?" వస అన్నాం. "ఇంకేమైనా?" ఒక వేరు అన్నాం. "ఆ వేరు పేరేమిటి?" అత్తమ్మ, నేను, మా ఆయన, ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

రెండు రోజులకు పిల్లాడు కోలుకున్నాడు. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి, వాడికీ ఒక బిడ్డ. కానీ ఆ తెల్లవారుజామున మేము చెప్పలేకపోయిన జవాబు నన్ను వదల్లేదు. పుట్టింది వనపర్తిలో, కాపురం గద్వాల వైపు, బడిపంతులమ్మగా పనిచేసింది ఎక్కువగా ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలో, అచ్చంపేట చుట్టుపక్కల. మూడు చోట్లా గూళ్లలో ఇలాంటి డబ్బాలు చూశాను. చిన్నపిల్లల తల్లిదండ్రులతో నాలుగు మాటలు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. నాకు వేళ్ల మీద, మూలికల మీద కోపం లేదు. మా అత్తమ్మ మీద అంతకన్నా లేదు. పిల్లాడి ఏడుపు ఆపాలన్న ఆత్రమే ఆమె చేసిన తప్పు, ఆ ఆత్రం నాకూ ఉంది. నేను పక్కనే కూర్చొని చనుబాలు పిండి ఇచ్చినదాన్ని.

మన భాషలో వస ఎంత లోతుగా ఇంకిందో చూడండి. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. వస పోస్తే మాట త్వరగా వస్తుందని, కడుపు ఉబ్బరం తగ్గుతుందని తరతరాల నమ్మకం. అందుకే చాలా ఇళ్లలో బిడ్డ నోట్లో పడే మొదటి మందు అదే. అయితే వస పేరుకు చుట్టాల్లాంటి పేర్లు ఇంకో రెండున్నాయి. అతివస ఒకటి, వసనాభి ఒకటి. ఈ మూడూ మూడు వేరు వేరు మొక్కలు.

వస నీటి పట్టున, చిత్తడి నేలల్లో పెరుగుతుంది. దాని కొమ్ము ఘాటుగా, కాస్త చేదుగా ఉంటుంది. అతివస హిమాలయాల్లో, చలి ఎత్తుల మీద పెరిగే మొక్క వేరు. బాగా చేదు. పిల్లల విరేచనాలకు, జ్వరాలకు ఆయుర్వేదంలో వాడే బాలచతుర్భద్ర చూర్ణంలో ఉండే నాలుగు దినుసుల్లో ఇదొకటి. అడవిలో అది అరుదైపోతోంది, అందుకే ఖరీదు, ఖరీదు కాబట్టి కల్తీ. అతివస దొరక్కపోతే బదులుగా తుంగముస్త వాడమని పాత వైద్య గ్రంథాల్లోనే ఉంది. మన గద్వాల వైపు నడిగడ్డ పొలాల్లో రైతులు విసుక్కుంటూ పీకి పారేసే తుంగగడ్డే అది. ఇక మూడోది వసనాభి, సంస్కృతంలో వత్సనాభి. అతివస కులానికే చెందిన మొక్క, కానీ పచ్చి విషం. కొద్ది గ్రాముల వేరు పెద్దమనిషి గుండె కొట్టుకోవడాన్నే చెడగొట్టి ప్రాణం తీయగలదు. దాన్ని శుద్ధి చేయకుండా ఏ వైద్యుడూ ముట్టడు. మన దేశపు డ్రగ్స్ నిబంధనల్లో ఆయుర్వేద విషద్రవ్యాలకు విడిగా ఒక షెడ్యూలు ఉంది, వత్సనాభి పేరు అందులో ఉంది.

ఎండి ముక్కలైపోయిన వేళ్లను పక్కపక్కన పెడితే మీకూ నాకూ తేడా తెలుస్తుందా? నాకు తెలియదు. దుకాణంలో పొట్లాలు కట్టే పిల్లాడికీ తెలియకపోవచ్చు. ఊళ్లో అవ్వ "వస తే" అంటే కొడుకు "అతివసా?" అని అడగడం, ఆమె "ఏదో ఒకటి, పిల్లగాని కడుపుకు" అనడం నేను చెవులారా విన్నాను.

మరో వేరు గురించి చెప్పాలి, అది మనకు ఇంకా దగ్గరిది. నల్లమలలో చెట్లకు అల్లుకొని పెరిగే ఈశ్వరి తీగ. నల్లేశ్వరి అని, గోవిల అని కూడా అంటారు. వేరు చేదు. కడుపునొప్పికి, విరేచనాలకు, చివరికి పాముకాటుకు కూడా దాన్ని అరగదీసి ఇచ్చే అలవాటు దక్కనంతటా ఉంది. పళ్లు వచ్చే పిల్లలకు విరేచనాలైతే ఇచ్చేవారని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. ఈ తీగ కుటుంబంలో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. నోట్లో వేసుకున్న రోజున ఏమీ కాదు. కడుపునొప్పి తగ్గినట్టే ఉంటుంది. చెడు నెలలు, ఏళ్లు గడిచాక బయటపడుతుంది, అప్పటికి వేరు సంగతి ఎవరికీ గుర్తుండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే ఈ కుటుంబపు మొక్కలున్న మందులను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది.

ఇది ఎలా బయటపడిందో వింటే, మా ఇంటి డబ్బా నాకు కళ్ల ముందు మెదులుతుంది. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో ఒక ఆస్పత్రికి ఆరోగ్యంగా ఉండాల్సిన వయసు ఆడవాళ్లు వరుసగా మూత్రపిండాలు పాడైపోయి రావడం మొదలైంది. అందరూ బరువు తగ్గడానికి ఒకే చోట చైనా మూలికల మాత్రలు వాడినవాళ్లు. వాన్‌హర్‌వెగెమ్ అనే వైద్యుడు, ఆయన తోటివారు 1993లో దీని గురించి ప్రచురించారు. తరువాత లెక్క వంద దాటింది. మాత్రల్లో ఉండాల్సిన వేరు ఒకటి, పడ్డది ఇంకొకటి. చైనా భాషలో రెండిటి పేర్లలోనూ "ఫాంగ్ జీ" అనే మాట ఉంది. పడ్డది మన ఈశ్వరికి చుట్టమైన తీగ వేరు. చదువుకున్న దేశంలో, మందుల తయారీ మీద నిఘా ఉన్నచోట, పేరు తారుమారైనందుకు అంత జరిగింది.

అమ్రాబాదు, మన్ననూరు వైపు పనిచేసినప్పుడు చెంచుల పిల్లలు నా బడిలో చదివారు. ఒక పిల్ల తాత వెంట ఒకసారి అడవి అంచు దాకా నడిచాను. ఆయన గడ్డ తవ్వే ముందు తీగను కింద నుంచి పై దాకా చూశాడు, ఆకు తుంచి నలిపి వాసన చూశాడు, అప్పుడు గడ్డపార దించాడు. అడవినాభి తీగ దగ్గర ఆగి, "దీన్ని ముట్టొద్దు, పిల్లలకు చెప్పు టీచరమ్మా" అన్నాడు. వానకాలంలో మంటలాగా ఎర్రగా, పసుపుగా పూసే అందమైన తీగ అది. దుంపలో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది. చెంచుల జ్ఞానం మొక్కను నిలువునా చూసే జ్ఞానం. ఆ తాత చేతిలో ఉన్నంతసేపు వేరుకు పేరుంది, ఊరుంది, ఆకుంది. అదే వేరు జాతర బాటలో గోనెపట్ట మీదికి, అక్కడి నుంచి పొట్లంలోకి, పొట్లం నుంచి మా డాల్డా డబ్బాలోకి వచ్చేసరికి పేరు రాలిపోయింది. అడవి మనిషి మాటను నమ్మడం వేరు, అడవి పేరు చెప్పి అమ్మిన ముక్కను నమ్మడం వేరు. మనం రెండూ ఒకటే అనుకుంటున్నాం.

చేదు అంటే మందేనన్న నమ్మకం మనలో గట్టిది. ఉగాది నాడు వేపపువ్వు తింటాం, జ్వరానికి నేలవేము కషాయం తాగుతాం, కాకరకాయ కూరను ఇష్టంగా తింటాం. ఆ నమ్మకంలో కొంత నిజముంది. నాలుకకు చేదు తగలగానే నోట్లో లాలాజలం ఊరుతుంది, కడుపు తిండికి సిద్ధమవుతుంది. ఐరోపాలో కూడా జెన్షియన్ అనే చేదు వేరును భోజనానికి ముందు పుచ్చుకొనే అలవాటు ఇందుకే పుట్టింది. కానీ చేదును కనిపెట్టే గ్రాహకాలు మన నాలుక మీద ఇరవై అయిదు రకాల దాకా ఎందుకున్నాయి? విషపు మొక్కల్లో చాలా భాగం చేదుగా ఉంటాయి కాబట్టి. పసిపిల్ల చేదు తగలగానే మొహం ముడిచి ఉమ్మేస్తుందంటే, ఆ పిల్ల ఒళ్లు తన పని తాను చేస్తోందన్న మాట. మనం ముక్కు మూసి, కాళ్లూ చేతులూ పట్టుకొని పోస్తాం. అలా పోసినప్పుడు కొంత గొంతులోకి, కొంత ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మందు సంగతి పక్కన పెట్టినా, అలా ఊపిరికి అడ్డం పడటమే పసిబిడ్డకు పెద్ద ప్రమాదం.

వస విషయానికి వస్తే, మన దేశంలో దొరికే రకంలో బీటా అసరోన్ అనే నూనె పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఆ నూనె పేగుల్లో కణుతులు తెచ్చింది. అమెరికా 1968లోనే వసను తినే పదార్థాల్లో కలపకూడదని నిషేధించింది. ఆయుర్వేద వైద్యులు వసను లోపలికి ఇవ్వాలంటే శుద్ధి చేసి, వయసు చూసి, కొలత చూసి ఇస్తారు. సానరాయి మీద చుట్ల లెక్కకు ఆ కొలత అందదు. కొమ్ము కొత్తదా పాతదా, రాయి గరుకుదా నునుపా, తిప్పే చేయి మెత్తనిదా గట్టిదా, ఒక్కోదానికి ఒక్కో మోతాదు. జాజికాయ కూడా అంతే. ఎక్కువైతే పిల్ల మత్తుగా పడుకుంటుంది. నిద్రపోయింది కదా, నొప్పి తగ్గిందనుకుంటాం.

పాత శాస్త్రం కూడా అన్నీ అందరికీ నాకించమనలేదు. పిల్లల వైద్యం గురించి మనకున్న కాశ్యప సంహితలో లేహాల కోసం ఒక అధ్యాయమే ఉంది. ఏ బిడ్డకు ఇవ్వాలో చెప్పినట్టే ఏ బిడ్డకు ఇవ్వకూడదో కూడా అందులో చెప్పారు. జ్వరంతో, విరేచనాలతో ఉన్న బిడ్డకు వద్దన్నారు. మనం సరిగ్గా అప్పుడే డబ్బా దించుతాం.

సరే, సాయంత్రం ఏడింటికి ఏడ్చే బిడ్డను ఏం చేయాలి? చాలామంది పసిపిల్లల్లో ఈ ఏడుపు పుట్టిన రెండు మూడు వారాలకు మొదలవుతుంది, ఆరో వారానికి బాగా ముదురుతుంది, మూడు నాలుగు నెలలకు దానంతట అదే పోతుంది. బిడ్డ పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ, మిగతా సమయం హాయిగా ఉంటే అది జబ్బు కాదు. పేగులు, నిద్ర, నరాలు లోకానికి అలవాటు పడుతున్న రోజులవి. ఏ వేరు పోసినా మూడో నెలకు తగ్గుతుంది, ఏమీ పోయకపోయినా తగ్గుతుంది. పోసినవాళ్లు వేరు వల్ల తగ్గిందంటారు, అంతే.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. నీళ్లు కూడా వద్దు. గ్రైప్ వాటర్ అక్కర్లేదు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయొద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసి పేగుల్లో విషం పుట్టించగలదు. వేరును తేనెతో రంగరించి ఇచ్చే అలవాటున్న ఇళ్లలో ఈ మాట మరీ ముఖ్యం. పాలు తాగాక బిడ్డను భుజం మీద వేసుకొని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లను సైకిలు తొక్కినట్టు మెల్లగా ఆడించండి. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకొని ఇల్లంతా తిరగండి. అరచేతులు వెచ్చచేసుకొని బొడ్డు చుట్టూ, గడియారం ముల్లు తిరిగే వైపు, మెత్తగా రుద్దండి. తమలపాకుకు ఆముదం రాసి వెచ్చచేసి పొట్ట మీద వేస్తారు కదా, వేయండి, కానీ ముందు మీ మణికట్టు మీద పెట్టి చూసుకోండి. వసముక్కను నల్లదారానికి గుచ్చి చేతికి కట్టే అలవాటుంటే, ముడి నోట్లోకి పోకుండా చూసుకోవాలి, పళ్లు రాకముందు పిల్లలు ప్రతిదీ చప్పరిస్తారు. పొట్ట మీద వాత పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా, ఎంత పెద్దవాళ్లు చెప్పినా వద్దు. అలాంటి మచ్చలున్న పిల్లలు నా తరగతిలో కూర్చున్నారు.

తల్లిపాలు తాగే బిడ్డ రోజుకు ఏడెనిమిది సార్లు దొడ్డికి పోవచ్చు, మూడు నాలుగు రోజులకు ఒకసారి కూడా పోవచ్చు. మెత్తగా వస్తున్నంతకాలం రెండూ మామూలే. ఇది తెలియక "కడుపు కట్టింది" అని ఎన్ని వేళ్లు అరగదీశారో.

నిజంగా విరేచనాలు పట్టుకుంటే కథ మారుతుంది. అప్పుడు ప్రాణం తీసేది నీళ్లు పోవడం. నీళ్లను తిరిగి ఒంట్లోకి పంపే మార్గం మనకు తెలిసింది, అది చేదుది కూడా కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరాల్లో, బెంగాల్ సరిహద్దు ఊరు బన్‌గావ్‌లో, కలరా ముంచుకొచ్చింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి బంధువుల చేతే తాగించాడు. చావులు ఒక్కసారిగా తగ్గాయి. అదే ఇవాళ మన ఓఆర్‌ఎస్. ఒక పొట్లం, ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, కలిపినవి 24 గంటల్లోపు వాడేయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్దవాళ్లకు 100 నుంచి 200, చెంచాతో మెల్లమెల్లగా. పసివాళ్లకు తల్లిపాలు ఆపొద్దు. జింకు మాత్ర 14 రోజులు: రెండు నుంచి ఆరు నెలల వయసులో రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20. విరేచనాలు రెండో రోజుకే ఆగినా జింకు ఆపొద్దు. ఇవి ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. దుకాణంలో కొంటే పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారమని ఉందో లేదో చదవండి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. అక్కడా గొడవ పేరు దగ్గరే.

ఈ గుర్తులు కనిపిస్తే డబ్బా వైపు చూడకుండా 108కి ఫోన్ చేయండి: మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, ఆకుపచ్చ వాంతి, దొడ్డిలో నెత్తురు, పొట్ట బిగుసుకొని ఉబ్బడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, కళ్లు లోపలికి పోవడం, లేపినా లేవనంత మత్తు. అయిదు నుంచి తొమ్మిది నెలల మధ్య బిడ్డ ఉండి ఉండి గట్టిగా ఏడ్చి, మోకాళ్లు ముడుచుకొని, మధ్యలో నీరసంగా వాలిపోతుంటే పేగులో పేగు దూరి ఉండవచ్చు. గంటలు విలువైనవి. పెద్దపిల్లల్లో బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగి, వాంతులు, జ్వరం తోడై, పిల్లాడు వంగి నడుస్తుంటే అది అపెండిక్స్ కావచ్చు. అప్పుడు విరేచనకారి వేరు ఇస్తే అది లోపలే పగిలే ప్రమాదం ఉంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు, మన మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీ ఉంది. నా కొడుకు కాలంలో లేదు.

బడికి పోయే పిల్లల కడుపునొప్పి గురించి పంతులమ్మగా నాకు కొంచెం ఎక్కువ తెలుసు. సోమవారం పొద్దున వచ్చే కడుపునొప్పి ఒకటుంది. అవ్వ వేరుముక్క చేతిలోకి తీసుకోగానే పిల్లాడు "తగ్గింది" అంటాడు. చేదు తప్పించుకోవడానికి అన్నాడని అవ్వకు తెలియదు, మందు వాసనకే నొప్పి పారిపోయిందనుకుంటుంది. నొప్పి నిజంగానే ఉంది. బడిలో ఎవరో కొడుతున్నారేమో, లెక్కలంటే భయమేమో, మరుగుదొడ్డిలో నీళ్లు లేక పొద్దంతా బిగబట్టుకుంటోందేమో. ఆడపిల్లలు ఈ చివరిది ఎవరితోనూ చెప్పరు. పొద్దున నీళ్లు తాగడం మానేస్తారు, దొడ్డికి పోవడం వాయిదా వేస్తారు, మలబద్ధకం ముదిరి కడుపు నొస్తుంది. అలాంటి పిల్లకు చేదు వేరు ఏం చేస్తుంది? నీళ్ల సీసా ఇవ్వండి, జొన్నరొట్టెతో ఆకుకూర పెట్టండి, పొద్దున బడికి ముందు పదినిమిషాలు తొందర పెట్టకుండా కూర్చోనివ్వండి. తరువాత పక్కన కూర్చొని అడగండి, రెండోసారి అడగండి. పదకొండు, పన్నెండేళ్ల పిల్లకయితే అది మొదటి బహిష్టు నొప్పి కూడా కావచ్చు.

నులిపురుగులకని చేదు పోస్తారు. ఏడాది దాటిన పిల్లలకు అంగన్వాడీలో, బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా వేస్తున్నారు, 2015లో మొదలుపెట్టి, ఇప్పుడు దేశమంతటా దానికంటూ ఒక రోజు పెట్టి మరీ. రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్ర. ఆ రోజు బిడ్డను ఇంట్లో ఉంచుకోకండి.

పెద్దవాళ్లు శొంఠి కాఫీ తాగొచ్చు, వాము నమలొచ్చు. ఏడాది దాటిన పిల్లల చారులో జీలకర్ర, వాము, ఇంత ఇంగువ పడితే మంచిదే. అవి మనకు పేరు తెలిసినవి, రోజూ కూరలో తినేవి. అంతకు మించి వేరు ఇవ్వాలని మనసు లాగితే చదువుకున్న ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి బిడ్డను తీసుకెళ్లండి. ఆయన రాసిచ్చిన మందు మీద పేరు, తయారీ తేదీ, కంపెనీ లైసెన్సు నంబరు ఉంటాయి. ఇప్పటికే ఎవరైనా ఏదైనా పోసి ఉంటే దవాఖానలో దాచొద్దు. తిడతారన్న భయంతో చెప్పకపోతే డాక్టరు చీకట్లో వెతకాల్సి వస్తుంది. మిగిలిన ముక్కను, పొట్లాన్ని చీరకొంగులో కట్టుకొని వెంట తీసుకెళ్లండి.

పాలమూరు వలస మీకు తెలుసు. పనికి హైదరాబాదు, పుణె, ముంబై పోయినవాళ్లు పిల్లలను అవ్వల దగ్గర వదిలి పోతారు. రాత్రి పదింటికి మనవడు గుక్కపెడితే ఆ ముసలామెకు దిక్కు గూట్లోని డబ్బా. ఫోన్లో "ఏం పోయొద్దు" అని గద్దించి పెట్టేస్తే ఆమె ఏం చేయాలి? పోయే ముందు రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు మాత్రలు, జ్వరం చూసే థర్మామీటరు గూట్లో పెట్టి పోండి. ఆశమ్మ నంబరు గోడ మీద పెద్ద అంకెల్లో రాయండి. ఆ డబ్బాను ఆమెతో కలిసి కూర్చొని విప్పండి. ప్రతి ముక్క పేరు ఆమెనే అడగండి, కాగితం మీద రాసి అతికించండి. ఆమెకు పేరు తెలియనిది పొయ్యిలో వేయండి, అది కూడా ఆమె చేత్తోనే.

కోడళ్లు నన్ను అడుగుతుంటారు, అత్తను కాదని ఎట్లా చెప్పాలని. "ఏం గాదు బిడ్డా, నీ మొగనికి గూడ ఇదే పోసి పెంచిన" అంటుందట. ఆ మాటకు ఎదురు చెప్పకండి, నిజంగానే పోసి పెంచింది. "అత్తమ్మా, ఆరు నెలల దాంక నోట్ల ఏం పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. మీరు జర ఆముదం వెచ్చజేసి వీని పొట్ట రుద్దుండ్రి, మీ చెయ్యి పడితేనే ఊకుంటడు" అనండి. ఏళ్ల అనుభవమున్న ఆ చేతులకు ఇంట్లో పని ఉండాలి. వేరు తీసేసి చేతులు ఖాళీగా వదిలేస్తే ఆమె మళ్లీ గూటి దగ్గరికే పోతుంది.

పోయిన ఏడాది నా మనవడు పుట్టాడు. వాళ్ల నాయనలాగే ఆరో వారానికి సాయంత్రం ఏడు కాగానే ఎత్తుకున్నాడు. అత్తమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు ఆనదు. మంచం మీద కూర్చొని చేతులు చాస్తే వాణ్ని ఆమె కాళ్ల మీద పడుకోబెట్టేవాళ్లం. వెచ్చని ఆముదం అరచేతుల్లో పులుముకొని బొడ్డు చుట్టూ తడుముకుంటూ రుద్దేది, ఏవో పాత మాటలు చెప్పుకుంటూ. ఒక్కోరోజు ఊరుకునేవాడు, ఒక్కోరోజు కాదు. ఊరుకోని రోజు నా కోడలు తీసుకొని పెరట్లో వేపచెట్టు కింద తిప్పేది, ఆ తరువాత నేను, ఆ తరువాత వాడి నాయన. మూడో నెల దాటిన వారంలో ఒకనాడు దీపం పెట్టి గడియారం చూశాను, ఏడున్నర. అత్తమ్మ మంచం మీద చేతులు చాచి ఎదురుచూస్తోంది. "ఏడీ, ఇయ్యాల ఇంక ఏడ్వలేదే?" అంది. వాడు ఆమె పక్కనే పడుకొని పైకప్పు చూస్తూ కాళ్లు ఆడిస్తున్నాడు.